మూఢం రోజుల్లో కెమెరా: మన చుట్టూ ఉన్న మనుషుల ఫొటోలు ఎలా తీయాలి

గుంటూరులో పెళ్లి ఫొటోలు తీసేవాడి ఏడాదిని నడిపేది పంచాంగమే. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం వస్తే నిద్ర ఉండదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వచ్చినా, మధ్యలో గురు మూఢమో శుక్ర మూఢమో పడినా కెమెరా బీరువాలోనే ఉంటుంది. తొమ్మిదేళ్ల కిందట అలాంటి ఒక మూఢంలో, ఆల్బాల పని కూడా అయిపోయి చేతులు ఖాళీగా ఉన్నప్పుడు, ఊళ్లో మనుషుల ఫొటోలు తీయడం మొదలుపెట్టాను. ఇప్పటికి నలభై ఒక్క మందిని తీశాను. అంటే ఏడాదికి నలుగురో ఐదుగురో. అంత నెమ్మదిగా ఎందుకు సాగిందో చదివితే మీకే తెలుస్తుంది. మా స్టూడియో కుర్రాళ్లు, ఫోన్లతో తీసే పిల్లలు "వాళ్లు ఎలా ఒప్పుకుంటారన్నా?" అని అడుగుతుంటారు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను.

ఎవర్ని తీయాలి

"మీ పేటలో గొప్పవాళ్లెవరు?" అని అడగకండి. అలా అడిగితే కాలేజీ ఓనరు పేరు, పాత కౌన్సిలరు పేరు చెబుతారు. వాళ్ల ఫొటోలు ఫ్లెక్సీల మీద ఎటూ ఉన్నాయి. నేను అడిగే ప్రశ్న వేరు: "ఎవరు రెండు రోజులు కనబడకపోతే మీకు కంగారు పుడుతుంది?"

ఈ ప్రశ్నకి వచ్చే జవాబులు విచిత్రంగా ఉంటాయి. బ్రాడీపేట నాలుగో లైనులో నేను రోజూ టీ తాగే కొట్టాయన్ని మొదట అడిగాను. ఆయన గ్లాసులు కడుగుతూ కాసేపు ఆలోచించి, "చీకటితోనే మిర్చి యార్డుకెళ్లే ఆడవాళ్ల ఆటో ఒకటి మన కొట్టు ముందు ఆగుద్ది. దాంట్లో ముందు కూర్చునే ఆవిడ. ఆమె దిగి డబ్బులిస్తేనే అందరికీ టీ. ఆమె రాని రోజు ఆటోనే రాదు" అన్నాడు. ఆయనకి ఆమె పేరు తెలియదు. ఆరేళ్లుగా టీ పోస్తున్నాడు.

ఫొటో తీసిన ప్రతి మనిషినీ వచ్చేముందు అదే ప్రశ్న అడుగుతాను. వాళ్లు చెప్పినవాళ్ల దగ్గరికే తర్వాత వెళ్తాను. ఆ నలభై ఒక్క మందీ ఇలా ఒకరి నుంచి ఒకరు దొరికినవాళ్లే. దీనివల్ల ఇంకో మేలుంది. "ఫలానా అక్క పంపింది" అని చెబితే గుమ్మంలో నిలబెట్టి మాట్లాడరు, కుర్చీ వేస్తారు.

కెమెరా లేకుండా మొదటి రోజు

కొత్తపేటలో మా నాన్నకి చిన్న స్టూడియో ఉండేది. రీలుకి ముప్పై ఆరు ఫొటోలే. ఎవరైనా బిగుసుకుపోయి కూర్చుంటే నాన్న మొదటి రెండు మూడు సార్లు ఉత్తి ఫ్లాష్ వెలిగించేవాడు, రీలు కదిపేవాడు కాదు. "అయిపోయిందా?" అని వాళ్లు ఊపిరి వదిలి భుజాలు దించినప్పుడు అసలు ఫొటో తీసేవాడు. ఇప్పుడు మెమరీ కార్డులో వేల ఫొటోలు పడతాయి కాబట్టి ఆ ఓపిక మనకి అక్కర్లేదనుకుంటాం. నాకైతే ఇప్పుడే ఎక్కువ కావాలనిపిస్తుంది, ఎందుకంటే ఫోను పైకెత్తగానే ముఖం మార్చుకోవడం ఈ రోజుల్లో అందరికీ అలవాటైపోయింది.

అందుకని మొదటి రోజు కెమెరా తీసుకెళ్లను. సంచిలో కూడా ఉంచుకోను. ఉందని తెలిస్తే మాట తీరు మారిపోతుంది. వెళ్తాను, కూర్చుంటాను, ఎవరు పంపారో చెబుతాను, పని చూస్తాను. రెండోసారి వెళ్లినప్పుడు చిన్న నోట్‌బుక్కు తీస్తాను. మూడోసారి కెమెరా. ఒక్కోసారి మూడోసారి కూడా కాదు.

మిర్చి యార్డు అక్క

ఆసియాలోనే పెద్ద మిరప మార్కెట్ అని మన యార్డుకి పేరు. కొత్త కాయ వచ్చే రోజుల్లో దేశం నలుమూలల నుంచీ ఫొటోగ్రాఫర్లు వస్తారు. కళ్లు చెదిరే ఎరుపు, వరసగా టిక్కీలు (మిరప బస్తాలు), గుట్టల మధ్య ముఖానికి గుడ్డ కట్టుకున్న ఆడవాళ్లు. నేనూ అవే తీశాను, ఒప్పుకుంటున్నాను. పుష్యమాసంలో రెండు రోజులు టీ కొట్టాయన చెప్పిన ఆ ఆటో అక్క వెనకే తిరిగి తొడిమలు తీస్తుంటే, తాలు కాయలు ఏరుతుంటే మూడు వందల ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి చూస్తే ఎరుపు తప్ప మనిషి లేదు.

యార్డులో తీసేవాళ్లకి నేను నష్టపోయి నేర్చుకున్నవి రెండు మూడు చెబుతాను. ఎండలో మిరప గుట్ట ఉంటే కెమెరాలో ఎరుపు ఒక్కటే పొంగిపోతుంది. మామూలు హిస్టోగ్రామ్ (వెలుగు ఎంత పడిందో కెమెరా చూపించే గ్రాఫు) చూస్తే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎక్స్‌పోజర్ మూడింట రెండు వంతుల స్టాపు (కెమెరాలో -0.7) తగ్గించండి. లేకపోతే కాయల మీద గీత, ముడత ఏమీ మిగలవు, ఎర్ర రంగు పూసిన గోడలా ఉంటుంది. రెండోది, కింద గుట్ట మీద పడిన ఎండ ఎర్రగా మారి మనిషి గడ్డం కింద, చెంపల మీద కొడుతుంది. పాత ఫ్లెక్సీ ఒకటి తీసుకెళ్లి తెల్లటి వెనక వైపు పైకి ఉండేలా మనిషి ముందు పరవండి, ఆ ఎరుపు పోతుంది. ఇక లెన్సు అక్కడ మార్చకండి. ఆ దుమ్ము సెన్సారు మీద పడితే సర్వీసింగుకి ఇవ్వాల్సిందే. ఒకటే లెన్సు బిగించుకుని వెళ్లి, ఇంటికొచ్చాక బ్లోయరుతో దులిపిన తర్వాతే తీయండి. ఘాటుకి అలవాటు లేకపోతే మాస్కు రెండు పొరలు వేసుకోండి. మార్కెట్ కమిటీ ఆఫీసులోనూ, ఆ సరుకు కమీషన్ ఏజెంటుతోనూ ముందుగా ఒక మాట చెప్పి వెళ్లండి. మీరు చెప్పకుండా వెళ్తే తర్వాత మాట పడేది ఆ ఆడవాళ్లే.

మూడో రోజు అక్క నన్ను పక్కకి పిలిచింది. "ఏందయ్యా, పొద్దుగూకులూ మిరపకాయలేనా? వచ్చిన ప్రతివాడూ అవే తీస్తాడు. నా డబ్బా తియ్యి" అంది.

ఏ డబ్బా అని అడిగితే సాయంత్రం ఇంటికి రమ్మంది.

అది పాత బిస్కెట్ల రేకు డబ్బా. ఆ ముఠాలో పద్నాలుగు మంది. రోజుకి తలా పది రూపాయలు అందులో వేస్తారు. ఎవరికైనా జ్వరం వచ్చినా, ఎవరి కూతురు పురిటికి వచ్చినా, ఇంట్లో కర్మకాండ అయినా ఆ డబ్బాలోంచి తీస్తారు. వడ్డీ లేదు. తిరిగి ఇవ్వగలిగినప్పుడు ఇస్తారు, ఇవ్వలేనివాళ్లని అడగరు. పద్దు అక్క మనసులోనే ఉంటుంది. మనవరాలు ఈమధ్య నోటుబుక్కులో రాస్తోంది. భర్త పోయిన ఏడాది, ఆస్పత్రి ఖర్చుకి నూటికి ఐదు రూపాయల వడ్డీకి తెచ్చి అది తీర్చడానికి నాలుగేళ్లు పట్టిందట. "నాకైంది వేరే ఆడదానికి కాకూడదని పెట్టా" అంది. పదకొండేళ్లుగా ఆ డబ్బా ఖాళీ కాలేదు.

నేను రెండు రోజులు ఆమె చేతుల్ని తీశాను. కాయ మీద వేళ్లు ఎంత వేగంగా ఆడుతున్నాయో చూసి ముచ్చటపడ్డాను. ఆమె దృష్టిలో అది కూలి. తన పని అని ఆమె అనుకునేది ఆ డబ్బా. ఈ తేడా తెలిసిన రోజు నుంచి ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాను: "మీరు చేసే పనుల్లో ఏది ఫొటోలో ఉండాలి?" నలభై ఒక్క మందిలో సగానికి పైగా నేను అనుకున్నది చెప్పలేదు.

ఆ ఫొటో తీసిన తీరు చెబుతాను, ఎందుకంటే మన ఇళ్లలో ఎక్కడైనా పనికొస్తుంది. చిన్న గది, ఒకటే వాకిలి, కిటికీ లేదు. ముందు ట్యూబులైటు ఆపేయమన్నాను. బయటి వెలుగూ లోపలి లైటూ కలిస్తే ముఖం ఒక రంగు, చెవి ఒక రంగు అవుతాయి. అక్కని వాకిలికి ఎదురుగా, గడపకి లోపల ఒక అడుగు దూరంలో పీట మీద కూర్చోబెట్టాను. గడప మీద కూర్చోమని ఎవరినీ అడగకండి. పెద్దవాళ్లు మొహమాటానికి కూర్చున్నా మనసులో నొచ్చుకుంటారు, అది కళ్లలో కనిపిస్తుంది. ఒక అడుగు లోపలికి జరిగితే ఎండ నేరుగా పడదు, వెలుగు మెత్తగా ముఖమంతా పరుచుకుంటుంది, వెనక గది చీకట్లోకి పోతుంది. 50 ఎంఎం లెన్సు, ఎపర్చర్ 2.8, షట్టర్ సెకనులో నూట అరవయ్యో వంతు, ఐఎస్‌ఓ 800. ఫోకస్ దగ్గరున్న కంటి మీద. డబ్బా ఒళ్లో ఉంది, మూత తెరిచి ఉంది. మనవరాలు పక్కన నిలబడి లెక్క చదువుతోంది. అక్క నా వైపు చూడలేదు, తప్పు చదివిందేమోనని పిల్ల వైపు చూసింది. నొక్కాను.

ఫోనుతో తీసేవాళ్లు: దగ్గరికెళ్లి తీస్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. ఐదడుగుల దూరంలో నిలబడి రెండింతల జూమ్‌తో తీయండి. పోర్ట్రెయిట్ మోడ్ వద్దు. జుట్టు అంచులు, చేతిలో వస్తువు కోసేస్తుంది. ముఖం మీద వేలు పెట్టి, వెలుగు కొంచెం కిందికి లాగి తీయండి.

ఏది తీయకూడదో కూడా అడగండి

అక్క చెప్పిన మనిషి వాళ్ల బజారులోనే ఉండే హార్మోనిస్టు పెద్దాయన. డెబ్బై నాలుగేళ్లు. పద్యనాటకాలకి యాభై ఏళ్లు హార్మోనియం వాయించాడు. ఇప్పుడు సాయంత్రాలు ఆ బజారు పిల్లలకి డబ్బు తీసుకోకుండా పద్యం నేర్పుతున్నాడు. అక్క కొడుకు నత్తి పోయింది ఆయన దగ్గర రాగం తీయడం వల్లనే అని ఆమె నమ్మకం.

ఆయన మొదటే చెప్పాడు: "అబ్బాయ్, రాగం ఎత్తుకునేటప్పుడు నాకు కళ్లు మూతపడతాయి. అది మాత్రం తియ్యొద్దు. ముసలాడు కునుకు తీస్తున్నట్టుంటది." సరేనన్నాను. కానీ ఆయన కల్యాణి రాగం ఎత్తుకుని కళ్లు మూసుకున్న ఆ క్షణం, పక్కనుంచి సాయంత్రపు వెలుగు, బెల్లోస్ మీద చెయ్యి, ఎదురుగా నోళ్లు తెరుచుకున్న పిల్లలు, అన్నీ కుదిరాయి. తీసేశాను. చూస్తే నచ్చుతుందిలే అనుకున్నాను. ప్రింటు తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన చాలాసేపు చూశాడు, ఏమీ అనలేదు, భార్యకి ఇచ్చి లోపల పెట్టమన్నాడు. ఆ తర్వాత రెండుసార్లు వెళ్తే ఒంట్లో బాలేదన్నారు.

నేను తీసిన వాటిలో మంచి ఫొటో ఏదంటే, అప్పట్లో చూసిన ఫొటోగ్రాఫర్లు ఇప్పటికీ దాని గురించే చెబుతారు. నా దగ్గర దాని ఫైలు లేదు, చెరిపేశాను. మూడోసారి వెళ్లినప్పుడు ఆయన ముందే చెరిపి, క్షమించమని అడిగి, కళ్లు తెరిచి పిల్లాడికి శ్రుతి చూపిస్తున్నప్పుడు మళ్లీ తీశాను. అందులో వెలుగు అంత బాగా లేదు. ఆయన తెల్ల చొక్కా, తెల్ల పంచె. కెమెరా ఆ తెలుపు చూసి మోసపోయి ముఖాన్ని నల్లగా చేసింది. ఇలాంటి చోట స్పాట్ మీటరింగ్ (ఒక్క చోటి వెలుగునే కొలిచే పద్ధతి) పెట్టి చెంప మీద కొలవండి, చొక్కా కొంచెం పోయినా ఫర్వాలేదు. మన ఒంటి రంగు ఉన్నది ఉన్నట్టు రావాలి. ల్యాబు వాళ్లు అలవాటు కొద్దీ తెల్లగా చేస్తారు, కరెక్షన్ వద్దని రాసి ఇవ్వండి.

కెమెరా దించాల్సిన చోటు

పెద్దాయన కార్తీక మాసంలో కృష్ణ స్నానానికి వెళ్లే రేవులో ఒక గజ ఈతగాడు ఉన్నాడని చెప్పాడు. ప్రకాశం బ్యారేజీకి ఎగువన, సీతానగరం వైపు. నలభై దాటిన మనిషి, చేపలు పట్టుకుని బతుకుతాడు. 2016 పుష్కరాలప్పుడు ఘాట్ల దగ్గర డ్యూటీ చేశాడు. 2024 సెప్టెంబరులో పదకొండు లక్షల క్యూసెక్కుల పైన వరద వచ్చి, పడవలు కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్లకి తగిలినప్పుడు నీళ్లు ఏ మెట్టు దాకా ఎక్కాయో నాకు చూపించాడు. ఎంతమందిని బయటికి లాగావని అడిగాను. "లెక్కపెట్టను అన్నా. లెక్క మొదలుపెడితే దొరకనివాళ్లు కూడా గుర్తొస్తారు" అన్నాడు.

ఆ ప్రశ్న మళ్లీ ఎవర్నీ అడగలేదు. మీరూ అడగకండి. అంకె వల్ల మనం రాసేది బాగుంటుంది, ఆ రాత్రి నిద్ర మాత్రం వాళ్లకి పోతుంది.

మూడోసారి నేను కెమెరాతో వెళ్లిన రోజే ఒక కుర్రాడు లోతులోకి జారాడు. ఇతను దూకాడు. నా చేతిలో కెమెరా ఆన్ చేసి ఉంది. తీయలేదు. మెట్ల మీదకి తెచ్చాక తువ్వాలు పట్టుకున్నాను, వాళ్ల నాన్నకి ఫోను కలిపి ఇచ్చాను. కుర్రాడు బతికాడు. తీసి ఉంటే పేపర్లలో వచ్చేదని తర్వాత ఒక మిత్రుడు అన్నాడు. వచ్చేదేమో. ఆ కుర్రాడి ముఖం జీవితాంతం అలా తిరుగుతుండేది. ప్రాణభయంలో ఉన్న మనిషి సరేనని చెప్పలేడు, వద్దని కూడా చెప్పలేడు. ఆస్పత్రి, శ్మశానం, ఏడుపు, తాగి పడిపోయిన మనిషి, ఇవన్నీ నాకు ఒకటే. పిల్లలుంటే అమ్మానాన్నల్ని అడగందే తీయను.

ఈతగాణ్ణి ఇంకో వారం పోయాక తీశాను. వల బాగుచేసుకుంటూ తన కూతురికి ఈత గురించి చెబుతుంటే, పొద్దున ఏడింటికి. వెనక మెరిసే నీళ్లు ఉంటే మనిషి నల్లటి నీడలా వస్తాడు. కాబట్టి నేను నీళ్ల వైపు వెళ్లి, నడుం లోతులో నిలబడి గట్టు వైపు తిరిగి తీశాను. అతను నా నడుముకి తాడు కట్టి రెండో కొస తన కాలికి కట్టుకున్నాడు.

రాసుకోవడం, ఇచ్చి రావడం

ఫొటో కింద రాసే నాలుగు వాక్యాలు వాళ్లకి చదివి వినిపించండి. గొడుగులు బాగుచేసే ఒకాయన గురించి "నిరుపేద" అని రాసి వినిపిస్తే, "నేను పేదవాణ్ణని నీకెవరు చెప్పారు? ఇద్దరు పిల్లల్ని ఇంజనీరింగ్ చదివించా" అన్నాడు. ఆ మాట కొట్టేశాను, ఇంజనీరింగ్ సంగతి రాశాను. పేరు, ఊరు రాయాలా వద్దా, ఇంటర్నెట్‌లో పెట్టొచ్చా అన్నది విడిగా అడగండి. ఫొటో తీసుకోమన్నారంటే లోకానికి చూపించమన్నట్టు కాదు. అక్క తన పేరు వద్దంది, డబ్బా సంగతి మాత్రం చెప్పమంది, నాలుగు ముఠాల వాళ్లు చూసి మొదలుపెడతారని.

ప్రింటు ఇవ్వకుండా మాత్రం ఎవర్నీ వదలకండి. వాట్సాప్‌లో పంపితే ఫోను మారినప్పుడు పోతుంది. నేను 8x12 అంగుళాల మ్యాట్ ప్రింటు ఒకటి, పర్సులో పెట్టుకునే చిన్నది ఒకటి ఇస్తాను. ఫ్రేము కట్టించకండి. మొదట్లో మంచి ఫ్రేములు కట్టించి తీసుకెళ్లేవాణ్ణి. ఒక పెద్దమ్మ చూసి చేతులు వెనక్కి తీసుకుంది. మన ఇళ్లలో ఒంటరి మనిషి ఫొటో ఫ్రేములో గోడెక్కితే దండ గుర్తొస్తుంది. అప్పట్నుంచి అట్ట ఫోల్డరులో ఇస్తున్నాను. ఎలా పెట్టుకోవాలో వాళ్లిష్టం. అక్క దాన్ని డబ్బా మూత లోపలి వైపు అతికించుకుంది, పెద్దది పట్టలేదని చిన్నది.

పోయిన నెల ఈతగాడికి ప్రింటు ఇచ్చి, మామూలుగా అడిగే ప్రశ్న అడిగాను. అతను బ్యారేజీ వైపు చెయ్యి చూపించాడు. నీళ్లలోంచి తీసినవాళ్లని ఆస్పత్రికి తీసుకెళ్లే ఆటో ఆయన ఒకడున్నాడట. సీటు తడిసినా ఏమీ అనడు, కిరాయి తీసుకోడు, పేరు చెప్పడు. "రెండు రోజులు ఆ ఆటో స్టాండులో లేకపోతే నాకు నీళ్లలో దిగాలంటే భయమేస్తది" అన్నాడు.

ఆషాఢం ఎల్లుండి వస్తోంది. మొదటి రోజు కెమెరా లేకుండా వెళ్లి, ఆ స్టాండులో కూర్చుంటాను.